మరచిన మూడోమాట

మొన్న మట్టెవాడలో మా ఇంట భానుమతిగారి ప్రసంగం వచ్చింది. "గొప్ప నటి, గొప్ప గాయని" అన్నారందరూ. దర్శకురాలన్న మాట ఒక్కరి నోటా రాలేదు!

1953లో "చండీరాణి"ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ ఆమే దర్శకత్వం వహించి తీశారు. కోటలో పెరిగిన చంప, అడవిలో పెరిగిన చండి, కవలలిద్దరూ తానే. చండిగా విజృంభించడం ఆమెకు మంచినీళ్లప్రాయం. కాని చంపగా అణగి వుండాలంటే? "కాస్త తగ్గించండమ్మా" అనే దర్శకుడు ఎదుట లేడు. ఆ మాట తనకు తానే చెప్పుకోవాలి. అదీ అసలు పరీక్ష.

1982లో "భక్త ధ్రువ మార్కండేయ"లో పాత్రధారులంతా పిల్లలే. పసివాళ్లచేత పురాణగాథ ఆడించారన్నమాట.

నటించడం ఒక విద్య, నటింపజేయడం మరొకటి. ఇకమీదట ఆమెను తలచినప్పుడు మూడోమాట కూడా చేర్చుదాం.