పండగ ప్రయాణంలో సికిల్ సెల్: గుక్కెడు నీటి వెనుక లెక్క

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, శబరి నది ఒడ్డున ఉన్న కొంటా ప్రాంత ప్రజలకు సరిహద్దు అవతలి పండగలు కూడా సొంత పండగలే. శ్రీరామనవమికి భద్రాచలం, రెండేళ్లకోసారి మేడారం జాతర, దసరాకు జగదల్‌పూర్. అయితే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి ఈ ప్రయాణాలు ఒక్కోసారి ఆసుపత్రిలో ముగుస్తాయి. మధ్య భారత గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించాలనే లక్ష్యంతో 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది.

ఇది వంశపారంపర్య వ్యాధి. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటుంది. ఆ ఒక్క మార్పు వల్ల, ఆక్సిజన్‌ను వదిలేసిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని గట్టి పోగులుగా మారతాయి. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. రక్తం అందని చోట భరించలేని నొప్పి మొదలవుతుంది.

పోగులు వెంటనే కట్టవు, కొంత వ్యవధి పడుతుంది. ఆలోపే కణం సన్నని నాళాలు దాటి ఊపిరితిత్తులకు చేరితే మళ్లీ ఆక్సిజన్ అందుకుని గండం గట్టెక్కుతుంది. ఈ వ్యవధి కణంలోని హిమోగ్లోబిన్ గాఢతపై విపరీతంగా ఆధారపడుతుంది. ప్రయోగశాల కొలతల్లో అది గాఢత యొక్క దాదాపు 30వ ఘాతానికి విలోమానుపాతంలో ఉన్నట్లు తేలింది. అంటే గాఢత 2 శాతం పెరిగితే చాలు, వ్యవధి దాదాపు సగానికి పడిపోతుంది. ఒంట్లో నీరు తగ్గితే కణాల్లోంచి కూడా నీరు బయటికి పోయి గాఢత పెరుగుతుంది. గుక్కెడు నీటికి అంత విలువ ఉన్నది ఇందుకే.

పైగా ఈ వ్యాధిలో మూత్రపిండాలు నీటిని సరిగా పట్టి ఉంచలేవు. అందుకే దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. ఇప్పసారా వంటి మద్యం మూత్రం ద్వారా మరింత నీటిని పోగొడుతుంది కాబట్టి దాని జోలికి పోకూడదు.

మేడారంలో జంపన్న వాగు స్నానం ఆనవాయితీ. చల్లదనానికి పోగులు కట్టే వేగం నిజానికి తగ్గుతుంది. కానీ చర్మం కింది నాళాలు ముడుచుకుని రక్తం నెమ్మదిస్తుంది, కణం నాళం దాటడానికి ఎక్కువ సమయం పడుతుంది. అందువల్ల చలిలో మునక వేసే బదులు నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకోవడం మేలు. గోరువెచ్చని నీటితో స్నానం, రాత్రికి దుప్పటి తప్పనిసరి.

హైడ్రాక్సీయూరియా వాడేవారు పండగ రోజుల్లో కూడా మానకూడదు. పసిపిల్లల రక్తంలో ఉండే తరహా హిమోగ్లోబిన్‌ను ఈ మందు పెంచుతుంది, అది పోగుల్లో కలవదు. తిరుగు ప్రయాణం ఆలస్యమైనా సరిపోయేలా మాత్రలను, వ్యాధి నిర్ధారణ కాగితాలను సంచిలో ఉంచుకోవాలి. నొప్పి ఉన్నచోట ఐసు పెట్టకూడదు.

దోమతెరను కూడా మరవకూడదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఈ జన్యువు వచ్చిన వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచి ఉండటానికి కారణం అదే. కానీ ఇద్దరి నుంచీ వచ్చి వ్యాధి ఉన్నవారికి మలేరియా ప్రాణాంతకం కావచ్చు.

జ్వరం 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక కాలూ చేయీ బలహీనపడటం, పిల్లల్లో ఎడమవైపు పొట్ట ఉబ్బడం వంటివి కనిపించినా మొక్కు తీరేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నడుస్తూ నడుస్తూ కూర్చుండిపోయిన బిడ్డను బద్ధకమని గదమకూడదు. తోడు వెళ్లేవారు ముందు నీళ్లు ఇచ్చి, నొప్పి ఎక్కడో అడగాలి.