వ్యాపార సంఘాల వినతులు: పత్తి, మిరప నేలలో అపోహలు – వాస్తవాలు

వ్యాపారులు, మిల్లు యజమానులు, ఎగుమతిదారులు సంఘాలు కట్టి పన్నులు, దిగుమతి సుంకాలు, కార్మిక చట్టాల మీద తమ కోరికలను ప్రభుత్వం ముందు పెట్టడం మన దేశంలో వందేళ్లకు పైబడిన ఆనవాయితీ. 1927లో జాతీయ స్థాయి వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఏర్పడింది. మరుసటి ఏడాది మద్రాసులో ఆంధ్ర చాంబర్ ఆఫ్ కామర్స్ వెలిసింది. గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లకు, మిర్చి ఎగుమతిదారులకు, జిన్నింగ్ మిల్లులకు, స్పిన్నింగ్ మిల్లులకు, పొగాకు వ్యాపారులకు వేర్వేరుగా సంఘాలున్నాయి. బడ్జెట్ ముందు ఢిల్లీకి వెళ్లే వినతిపత్రాలు, మంత్రుల పర్యటనల్లో చేతికిచ్చే అర్జీలు వీటి నుంచే వస్తాయి. అవి ఎవరికి మేలు, ఎవరికి చేటు అన్న విషయంలో ఈ నేల మీద చాలా అపోహలు పాతుకుపోయాయి. 2022లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల ఏర్పడ్డాయి గానీ పంటలు, మార్కెట్లు పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల లెక్కలోనే నడుస్తున్నాయి.

అపోహ: వ్యాపారులందరిదీ ఒకటే మాట

దీన్ని తప్పని తేల్చడానికి పత్తి దిగుమతి సుంకం ఒక్కటి చాలు. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం విదేశీ పత్తి మీద సుంకం విధించింది. మూల సుంకం, వ్యవసాయ సెస్సు, వాటి మీద సర్‌చార్జీ కలిసి 11 శాతం. చిలకలూరిపేట, గణపవరం, నరసరావుపేట చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులకు ఇది భారం. దూది ఖరీదైతే నూలు ఖరీదవుతుంది. ఆ ధరకు వియత్నాం, బంగ్లాదేశ్ మిల్లులతో పోటీ పడలేమని వారి వాదన. రైతు దృష్టిలో అదే సుంకం రక్షణ. బయటి పత్తి చౌకగా రాకపోతేనే ఇక్కడి పత్తికి ధర నిలుస్తుంది. జిన్నింగ్ మిల్లులది ఈ రెంటి మధ్య బతుకు. రైతు దగ్గర పత్తి కొని, గింజ తీసి, బేళ్లు కట్టి స్పిన్నింగ్ మిల్లుకు అమ్మే వాళ్లకు విదేశీ బేళ్లు వస్తే గిరాకీ తగ్గుతుంది. చీరాల చేనేత కార్మికుడి లెక్క మళ్లీ వేరు. నూలు ధర పెరిగినప్పుడల్లా మగ్గం మీద మిగిలేది తగ్గుతుంది కనుక ఈ ఒక్క విషయంలో అతను మిల్లు యజమాని పక్షాన నిలబడాల్సి వస్తుంది.

2022లో దూది ధరలు బాగా పెరిగాయి. మిల్లుల సంఘాల ఒత్తిడి మీద కేంద్రం ఏప్రిల్ 14 నుంచి సుంకం ఎత్తేసి, చివరికి అక్టోబర్ 31 దాకా కొనసాగించింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు వస్త్ర పరిశ్రమ మళ్లీ ఢిల్లీ తలుపు తట్టింది. ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 వరకు మినహాయింపు వచ్చింది. పది రోజులు తిరగకుండానే దాన్ని డిసెంబర్ 31 వరకు పొడిగించారు.

ఈ రెండు గడువుల మధ్య తేడాను అందరూ గమనించాలి. సెప్టెంబర్ 30తో ముగిసి ఉంటే గుంటూరు, పల్నాడు రైతుకు పెద్దగా తగిలేది కాదు, ఎందుకంటే ఇక్కడ పత్తి తీత ఊపందుకునేది అక్టోబర్ నుంచే. డిసెంబర్ దాకా సాగడంతో సుంకం లేని విదేశీ పత్తి, రైతు మొదటి తీత పత్తి ఒకే కాలంలో మార్కెట్‌లో ఉన్నాయి. ఓడలో సరుకు రావడానికి వారాలు పడుతుంది కాబట్టి నెలన్నర గడువు ఉపయోగపడదని మిల్లులు చెప్పింది అబద్ధం కాదు. అయితే ఆ సౌకర్యానికి మూల్యం చెల్లించాల్సింది రైతే అన్న మాటా నిజమే.

అపోహ: మద్దతు ధర ఉంది కాబట్టి దిగుమతులతో రైతుకు ఇబ్బంది లేదు

2025–26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యస్థ పింజకు 7,710. 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ, అంటే రైతులు సీసీఐ అని పిలిచే సంస్థ, ఈ ధరకు కొనాలి. కాని ఆ ధర పూర్తిగా అందాలంటే పత్తిలో తేమ 8 శాతం మించకూడదు. 8 నుంచి 12 శాతం వరకు తేమ ఉంటే ఆ మేరకు ధర తగ్గిస్తారు. 12 దాటితే కొనరు. అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను లాంటిది వచ్చి కాయ మీద ఉన్న పత్తి తడిసిందంటే ఆ రైతుకు మద్దతు ధర కాగితం మీదే మిగులుతుంది. అలాంటి రైతు బయటి వ్యాపారికే అమ్ముకోవాలి. బయటి ధరను దిగుమతులు తగ్గిస్తాయి. సుంకం విషయంలో మిల్లులు అడిగింది ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు తడిసిన పత్తి రైతును లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం.

అపోహ: మిరపకూ మద్దతు ధర ఉంది

లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిరప లేదు. ఆసియాలోకెల్లా పెద్దదని పేరున్న గుంటూరు యార్డులో టిక్కీ (బస్తా) మిర్చి ధర ఆ రోజు పాటలోనే తేలాలి. 2025 ఫిబ్రవరిలో ధరలు కూలినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగగా, మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించి, 2.43 లక్షల టన్నుల వరకు వర్తింపజేశారు. ప్రభుత్వం సరుకు కొనే పథకం కాదిది. అమ్మిన ధర, నిర్ణయించిన ధర మధ్య తేడాను చెల్లించే ఏర్పాటు. ఆ ధర సాగు ఖర్చుకు కూడా చాలదని రైతు సంఘాలు అభ్యంతరం చెప్పాయి. కౌలు, విత్తనం, మందులు, కోత కూలీ కలిపి చూసుకున్నవాడెవడూ ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేడు.

ఎగుమతి పెరిగితే రైతుకు ధర దానంతటదే పెరుగుతుందన్న నమ్మకమూ సగమే నిజం. తేజ రకానికి చైనా గిరాకీ ఉన్న ఏళ్లలో యార్డు కళకళలాడుతుంది. అదే కొనుగోలుదారు పురుగుమందుల అవశేషాలున్నాయని వెనక్కి పంపితే ఆ నష్టం తర్వాతి పాటలో రైతు ధర మీద పడుతుంది. కారంలో సూడాన్ అనే కృత్రిమ రంగు కలిసిందని ఐరోపాలో గగ్గోలు పుట్టాక 2003 నుంచి సుగంధ ద్రవ్యాల బోర్డు ఎగుమతి మిర్చికి పరీక్షలు తప్పనిసరి చేసింది. పరీక్షశాలలు కావాలని ఎగుమతిదారులు అడిగితే అది రైతుకూ పనికొచ్చే కోరిక. అన్ని కోరికలూ ఇలా ఉండవు. ఏది ఏ రకమో విడివిడిగా చూడాల్సిందే.

అపోహ: పత్తి అమ్మితే రైతు జీఎస్టీ కట్టాలి

కట్టనక్కర్లేదు. తన పంట అమ్ముకునే రైతుకు జీఎస్టీ నమోదే అవసరం లేదు. ముడి పత్తి మీద 5 శాతం పన్నును 2017 నవంబర్ నుంచి కొన్న వ్యాపారే కట్టాలి. దీన్నే రివర్స్ చార్జ్ అంటారు. కట్టిన పన్ను తర్వాత సర్దుబాటవుతుంది, కాని అప్పటిదాకా పెట్టుబడి చిక్కుకుపోతుందని జిన్నింగ్ మిల్లుల ఫిర్యాదు. అది న్యాయమైన ఫిర్యాదే. అయితే ఆ పేరు చెప్పి రైతు ధరలో కోత పెట్టే హక్కు ఎవరికీ లేదు.

అపోహ: రైతుల పేరుతో వచ్చే ప్రతి వినతీ రైతులదే

ప్రకాశం జిల్లా పొగాకు దీనికి మంచి ఉదాహరణ. వ్యాపారుల దయ మీద బతికిన పొగాకు రైతుకు అండగా 1975 చట్టంతో పొగాకు బోర్డు వచ్చింది. 1976 జనవరి 1న పని మొదలుపెట్టిన ఆ బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. తర్వాత దశాబ్దంలో వేలం కేంద్రాలు వచ్చాక రైతుకు ధర కళ్లముందే తెలియసాగింది. రైతు కోరిక ప్రభుత్వానికి చేరితే ఏమవుతుందో చెప్పే అధ్యాయం అది.

ప్రతి వినతీ అలాంటిది కాదు. 2016 ఏప్రిల్‌లో సిగరెట్ పెట్టెల మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక తప్పనిసరి చేసినప్పుడు కంపెనీలు ఎదురు తిరిగాయి. ఆ వాదనలో ముందు నిలిపింది పొగాకు రైతుల బతుకుతెరువునే. రైతుల ఆందోళన నిజమైనదే. కందుకూరు, ఒంగోలు ప్రాంతాల తేలిక నేలల్లో పొగాకుకు మారుగా అంత రాబడినిచ్చే పంట దొరకడం కష్టం. అంతమాత్రాన రైతు ప్రయోజనం, కంపెనీ ప్రయోజనం ఒకటి కావు. రైతుకు కావలసింది మారుపంటకు సాయం, కంపెనీకి కావలసింది అమ్మకం. కర్ణాటక హైకోర్టు 2017 డిసెంబర్‌లో ఆ నిబంధనను కొట్టేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. హెచ్చరికలు కొనసాగుతున్నాయి.

అపోహ: పది గంటల పని అంటే వారానికి అరవై గంటలు, కార్మిక కోడ్‌లు పెద్ద ఫ్యాక్టరీలకే

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. పెట్టుబడులు రావాలంటే వెసులుబాటు ఉండాలన్నది పరిశ్రమల వాదన. వారానికి 48 గంటల పరిమితి మాత్రం మారలేదు. అది దాటితే రెట్టింపు కూలీ ఇవ్వాలి. కాబట్టి అరవై గంటలన్న ప్రచారం సరికాదు. కాని ఓవర్‌టైమ్ పరిమితిని మూడు నెలలకు 75 గంటల నుంచి 144కు పెంచడం చిన్న మార్పేమీ కాదు. స్పిన్నింగ్ మిల్లు దూది ధూళిలో, రాత్రి షిఫ్టులో పనిచేసే మనిషికి అది ఒంటి మీద పడే భారం. జూలై 9 సార్వత్రిక సమ్మెలో కార్మిక సంఘాలు లేవనెత్తిన ఆందోళన అకారణమైంది కాదు.

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. దేశమంతా చర్చించింది ఒకే అంకె గురించి: కార్మికులను తొలగించడానికి ముందు అనుమతి తీసుకోవాల్సిన ఫ్యాక్టరీల హద్దు వందమంది నుంచి మూడు వందలకు పెరిగింది. జాతీయ స్థాయి పరిశ్రమల సంఘాలు ఏళ్ల తరబడి కోరిన కోరిక ఇది. పత్తి, మిరప సీమలో మాత్రం ఆ అంకె తగిలేది కొద్దిమందికే. జిన్నింగ్ మిల్లులో గానీ, కారం మిల్లులో గానీ మూడు వందల మంది ఉండటం అరుదు.

ఇక్కడి కూలీలకు అసలు తగిలేవి ఎవరూ పెద్దగా మాట్లాడని రెండు హద్దులు. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం అది ఫ్యాక్టరీగా లెక్కకొచ్చేది. కొత్త కోడ్‌లో ఇరవైమంది ఉండాలి. పదిహేను మందితో నడిచే కారం మిల్లు కోడ్ పరిధిలోనే ఉంటుంది, కాని ఫ్యాక్టరీలకు ప్రత్యేకించిన నిబంధనలు దానికి వర్తించవు. రెండోది కాంట్రాక్టు కూలీల హద్దు. పాత కేంద్ర చట్టం ఇరవైమంది ఉంటే చాలు వర్తించేది, కోడ్ దాన్ని యాభైకి పెంచింది. కోల్డ్ స్టోరేజీల దగ్గర, గోదాముల్లో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లను మేస్త్రీలే కూర్చి తీసుకొస్తారు. ఘాటుకు కళ్లు మండుతూ, తుమ్ముతూ, కిలో లెక్కన కూలీ తీసుకునే ముప్పైమంది గుంపుకు ఆ రక్షణ ఇప్పుడు దొరకదు.

వేతన కోడ్‌లో మేలూ ఉంది. కనీస వేతనం ఇదివరకు జాబితాలోని పనులకే ఉండేది. ఇప్పుడు అన్ని పనులకూ వర్తిస్తుంది, కిలో లెక్క కూలీ కూడా దాని కిందికే వస్తుంది. ఈ హక్కు తొడిమలు తీసే ఆడవాళ్లకు తెలియజెప్పే బాధ్యత సంఘాలదీ, కార్మిక శాఖదీ.

అపోహ: లాబీయింగ్ అంటే లంచమే, సామాన్యుడికి అందులో చోటు లేదు

సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. వినతి ఇవ్వడంలో తప్పు లేదు. తప్పంతా చాటుగా జరగడంలో ఉంది. అమెరికాలో 1995 చట్టం ప్రకారం లాబీయిస్టులు నమోదు చేసుకోవాలి, ఏ విషయాల మీద పనిచేశారో, మొత్తం ఎంత ఖర్చుపెట్టారో చెప్పాలి. మన దేశంలో అలాంటి చట్టం లేదు. 2017లో కంపెనీల రాజకీయ విరాళాలకున్న 7.5 శాతం పరిమితిని ఎత్తేసి, ఎన్నికల బాండ్లతో దాతల పేర్లూ దాచారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రెంటినీ రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది.

ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చునే భారత కార్మిక సదస్సు చివరిసారి జరిగింది 2015 జూలైలో. కోడ్‌లు పార్లమెంటు దాటిన 2019, 2020లలో ఆ వేదికే జరగలేదు. యజమానుల మాట వినిపించడానికి ఇతర దారులున్నాయి. కార్మికుడికి ఉన్న ముఖ్యమైన దారి అదే.

సామాన్యుడికి చోటు లేదన్నది మాత్రం నిజం కాదు. నిడుబ్రోలు నుంచి ఎన్.జి. రంగా రైతులను కూడగట్టి చట్టసభలదాకా వారి మాట తీసుకెళ్లింది ఈ గడ్డ మీదే. కేంద్ర చట్టాల ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రం విధానం చేసుకుంది. ఆ గడువులో చాంబర్లు, మిల్లుల సంఘాలు తప్పకుండా రాస్తాయి. హమాలీ యూనియన్లు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, తొడిమలు తీసే మహిళల తరఫున పనిచేసే సంఘాలు కూడా తెలుగులోనైనా సరే రాసి పంపాలి. పత్తి సుంకం మీద, కాంట్రాక్టు కూలీల హద్దు మీద, మిరపకు మద్దతు ధర లేకపోవడం మీద తమ అభ్యంతరాన్ని సకాలంలో, లిఖితపూర్వకంగా నమోదు చేయించాలి.