చేయు పనియు, ఉబ్బసమును

ఉబ్బసము వంశమునుండి వచ్చునదే యని పలువురి తలంపు. చేయు పనివలనను అది పుట్టును. పిండిమర నడపువారి ఆయాసమును ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700వ సంవత్సరముననే గ్రంథస్థము చేసెను. గోధుమపిండి, రంపపుపొట్టు, బండ్లకు చిమ్ము కొన్ని రంగులలోని ఐసోసయనేటులు ఇందులకు కారణములు.

సాధారణముగ మొదట నెలలు, ఏండ్లు ఏ బాధయు నుండదు. ఒడలికి ఆ వస్తువు ఒకసారి సరిపడకపోయెనా, పిమ్మట చిటికెడు సోకినను ఊపిరిగొట్టములు బిగియును. పిల్లికూతలు, రాత్రిదగ్గు కలుగును.

పెద్దలు గమనింపవలసిన గుర్తొకటి కలదు: సెలవుదినములలో ఊపిరి తేలికపడి, పనికి పోగానే మరల బిగియుట. అట్టి కుఱ్ఱవానిని "ఓర్చుకొమ్ము" అనక, వైద్యునికి చూపి, వాని పని యేదియో తెలుపవలయును. త్వరపడినచో కుదురుట కలదు. ఆలసించినచో పని మానినను ఉబ్బసము మానకపోవచ్చును.