పాట వెనకే వాద్యం ఎందుకు నడుస్తుంది?

ఇరాన్ శాస్త్రీయ గానంలో ‘ఆవాజ్’ అనే భాగానికి తాళం ఉండదు. గాయకుడు ఒక పాదం పాడి ఆగగానే ‘తార్’ అనే తంత్రీవాద్యమో, కమానుతో వాయించే ‘కమాంచే’నో అదే స్వరాల బాటలో జవాబిస్తుంది. కర్ణాటక కచేరీలో రాగాలాపన వెంట వయొలిన్ నడిచినట్టే!

ఎందుకిలా?

ఆవాజ్‌కు కవిత్వమే ప్రాణం. పారశీక కవులు హాఫిజ్, సాదీల గజళ్లలోని గురులఘువులను బట్టి గొంతు సాగుతుంది. వాద్యకారుడు ముందే లెక్క కట్టలేడు, చెవి ఒగ్గి వినాల్సిందే. మధ్యలో వచ్చే ‘తహ్రీర్’ మరీ అద్భుతం: గొంతు పై స్వరాన్ని చటుక్కున తాకి, మళ్లీ మళ్లీ కిందికి దిగుతుంది. కమాంచే కమాను ఆ విరుపులనూ పట్టుకుంటుంది.

గాయకుడికీ వాద్యకారుడికీ ఆధారం ‘రదీఫ్’, అంటే గురుముఖంగా కంఠస్థం చేసే స్వరభండారం. యునెస్కో 2009లో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

పారశీక కవిత మన హైదరాబాద్‌లోనూ పలుకుతుంది. ఇక్కడి గాయకులు వార్సీ సోదరులు పారశీక కవి అమీర్ ఖుస్రో గీతాలను ఖవ్వాలీగా పాడతారు. అక్కడ మాత్రం హార్మోనియం, తబలా, చప్పట్లు పాటతో కలిసే పరుగెత్తుతాయి.