మార్చిన బోల్టుకూ ఒక చరిత్ర

పాత స్పోర్ట్స్ కారు పుట్టుపూర్వోత్తరాలు తెలియాలంటే కాగితాలు తిరగేస్తే సరిపోదు. బానెట్ ఎత్తాలి, పెయింటు గీకాలి, దాని మీద చేయి వేసిన మిస్త్రీలను కలవాలి. సికింద్రాబాద్ కార్ఖానా కేంద్రంగా సాగే ఆ వెతుకులాట మీద ఈ వారం ప్రత్యేక కథనం.

జూబ్లీ బస్‌స్టేషన్ దాటి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు సాగితే కార్ఖానా వస్తుంది. ఒక పక్క విక్రమ్‌పురి, మరో పక్క కాకాగూడ, వాసవీనగర్. ఇంకాస్త ముందుకెళ్తే తిరుమలగిరి. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలిసిన కంటోన్మెంట్ ఊరు ఇది. మిలటరీ గోడలు, పాత బంగళాలు, కొత్త షోరూములు ఒకే రోడ్డు మీద కనిపిస్తాయి.

మోటారు బండి మీద మమకారం ఉన్నవాళ్లకు ఈ రోడ్డు మరో రకంగా ముఖ్యం. తిరుమలగిరిలో రెండు సంస్థలున్నాయి. ఒకటి మిలటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్. 1943లో కిర్కీలో మొదలై, 1953లో ఇక్కడికి తరలివచ్చింది. సైన్యం వాడే బండ్లను, యంత్రాలను నడిచే స్థితిలో ఉంచే విద్య నేర్పుతుంది. రెండోది సికింద్రాబాద్ ఆర్టీఏ ఆఫీసు. ఏపీ 10, టీఎస్ 10, 2024 మార్చి నుంచి టీజీ 10 అంటూ ఈ ప్రాంతపు బండ్లకు నంబర్లిచ్చేది అదే. బండి బాగుచేయడం ఒకచోట, బండి వివరాలు రాసిపెట్టడం ఇంకోచోట. పాత కారు చరిత్ర తెలియాలంటే ఈ రెండూ కావాలి. మన దగ్గర మొదటి పని ఘనంగా జరిగింది, రెండోదే వెనకబడింది. కారులో ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో రాసిపెట్టిన ఓనర్లు చాలా తక్కువ.

నంబరుతో మొదలు

పాత కారు ఏదైనా సరే, వెతుకులాట చాసిస్ నంబరుతోనే మొదలవుతుంది. ఆర్టీఏ పనుల కోసం మన మెకానిక్‌లు చాసిస్ ప్రింట్ తీసే పద్ధతి చూడండి. ఇనుము మీద పేరుకున్న గ్రీజును కిరోసిన్ గుడ్డతో తుడుస్తారు. అంకెల మీద పెన్సిల్ ముక్కు అడ్డంగా పెట్టి రుద్దుతారు. పైన టేపు అంటించి, గాలి బుడగ లేకుండా వేలితో నొక్కి, మెల్లగా లేపుతారు. అంకెలు టేపు మీదికి వచ్చేస్తాయి, దాన్ని ఫారం మీద అతికిస్తారు. పది రూపాయలు కూడా ఖర్చు కాని ఈ పని కారు గురించి ఎంతో చెబుతుంది. ఒక అంకె లోతుగా, పక్క అంకె తేలిగ్గా పడిందా? వరస వంకర పోయిందా? అంకెల చుట్టూ గ్రైండర్ గీతలున్నాయా? ఎవరో మళ్లీ కొట్టిన నంబరేమోనని అనుమానం రావాల్సిందే.

ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1945 నుంచి 1949 దాకా తయారైన ఎంజీ టీసీ రెండు సీట్ల స్పోర్ట్స్ కారునే తీసుకోండి. 1250 సీసీ ఇంజిన్, 19 అంగుళాల వైర్ వీల్స్, లోపల యాష్ కర్ర చట్రం, పైన రేకు. దాదాపు పదివేల బండ్లు తయారయ్యాయి. అన్నీ కుడి చేతి డ్రైవింగే. నంబర్లు ఒకటితో కాకుండా 0251తో మొదలయ్యాయి. ఆబింగ్డన్ ఫ్యాక్టరీ టెలిఫోన్ నంబరు 251. అందుకే ఎంజీలో చాసిస్ వరస అక్కడి నుంచి లెక్కపెట్టడం ఆనవాయితీ అయింది. ఎవరైనా 0100 నంబరున్న టీసీ చూపిస్తే, ఈ ఒక్క సంగతి తెలిసినవాడు మోసపోడు. ఇంజిన్ మీద ఎనిమిది మూలల ఇత్తడి పలక ఉంటుంది. ఎక్స్‌పీఏజీ అనే అక్షరాల తర్వాత ఇంజిన్ నంబరు ఉంటుంది. ఆ పలక ఊడిపోయిందంటే ఇంజిన్ ఎప్పుడో, ఎక్కడో విప్పారని అర్థం.

బ్రిటిష్ కార్లలో చాలావాటికి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఏ రోజు తయారైంది, తొలి రంగేది, ఇంజిన్ నంబరెంత, ఏ దేశానికి పంపారు అన్నవి ఫ్యాక్టరీ రికార్డుల్లోంచి తీసి రాసిస్తారు. కారు పుట్టుక అందులో దొరుకుతుంది. పెరిగిన తీరు మాత్రం మన ఊళ్లోనే వెతుక్కోవాలి.

అంబాసిడర్ చుట్టరికం

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకే విదేశీ కార్ల దిగుమతి మీద ఆంక్షలు బిగిశాయి. దేశంలోకి వచ్చేసిన స్పోర్ట్స్ కార్లకు విడిభాగాలు దొరకని కాలం అది. రాణీగంజ్ దుకాణాల్లో దొరికే సామానుతో, లేత్ మీద తిప్పిన ముక్కలతో వాటిని బతికించింది మన మిస్త్రీలే. ఎంజీఏ అనే కారు 1955లో వచ్చింది. మొదటి మోడల్‌లో ఉన్నది 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్. మన అంబాసిడర్ పెట్రోలు బండిలో ఏళ్ల తరబడి కూర్చున్నదీ 1489 సీసీ బి-సిరీసే. రెండూ ఒకే ఇంటి పిల్లలు. మంత్రులు తిరిగిన తెల్ల అంబాసిడర్‌కూ, రేసులకు పరుగెత్తిన ఎంజీఏకూ గుండెకాయ ఒక్కటే. ఎంజీఏ బానెట్ ఎత్తగానే అంబాసిడర్ ఇంజిన్ కనిపిస్తే ముఖం మాడ్చుకోనక్కర్లేదు. చేసినవాడికి చుట్టరికం తెలుసు.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కథా అలాంటిదే. 1962లో వచ్చిన ఆ కారును ట్రయంఫ్ హెరాల్డ్ ఆధారంగా తయారుచేశారు. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ అటువైపు నుంచి వచ్చినవే. రెండింటికీ రూపమిచ్చింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. ఆ హెరాల్డ్‌ను స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1960లలో మద్రాసులో తయారుచేసింది. కాబట్టి స్పిట్‌ఫైర్ ఉన్నవాడికి మద్రాసు హెరాల్డ్ భాగాలు దేవుడిచ్చిన వరం. ఇంకో పక్క, పెట్రోలు ధర భరించలేక పెద్ద అమెరికన్ కార్లకు మెటాడోర్ డీజిల్ ఇంజిన్ బిగించినవాళ్లూ ఉన్నారు. ఇవాళ చూస్తే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ డీజిల్ ఇంజిన్ లేకపోతే ఆ కార్లలో చాలావరకు తుక్కు కింద పోయేవి.

పెయింటు కింద పెయింటు

కాగితం అబద్ధమాడినా రేకు ఆడదు. డెంటింగ్ పని తెలిసిన ఉస్తాద్ ముందుగా బాడీ మీద అయస్కాంతం తిప్పుతాడు. గట్టిగా అంటుకున్నచోట రేకు ఉంది. జారిపోయినచోట పుట్టీ మందంగా ఉంది, అంటే అక్కడ దెబ్బ తగిలింది. ఆ తర్వాత డోరు అంచున, ఎవరికీ కనబడని చోట, రూపాయి బిళ్లంత మేర నీటి కాగితంతో మెల్లగా రుద్దుతాడు. పైన మెరిసే ఎరుపు. దాని కింద పసుపు. ఇంకా కింద బూడిద రంగు ప్రైమరు. అన్నిటికన్నా అడుగున, రేకును అంటిపెట్టుకుని ముదురు ఆకుపచ్చ. చెట్టు మొద్దులో వలయాల్లా రంగులు ఒకదాని చుట్టూ ఒకటి బయటపడతాయి. పసుపు రంగు ఏ పెళ్లి ఊరేగింపు కోసం వేశారో, ఎరుపు ఏ ర్యాలీకి ముందు వేశారో పాత ఫొటోలు పక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది. కొత్త పెయింటు వేసేముందు ఈ బిళ్లంత చోటును ఫొటో తీసి పెట్టుకోవాలి. ఒకసారి మొత్తం గీకేశాక ఆ ఆధారం మళ్లీ రాదు.

షోల లెక్క

కారు ఏయే ప్రదర్శనలకు వెళ్లిందన్నది చరిత్రలో మరో భాగం. మన దేశంలో పాత కార్ల ర్యాలీలకు దారి చూపింది 1964లో ఢిల్లీలో మొదలైన స్టేట్స్‌మన్ వింటేజ్ ర్యాలీ. 21 గన్ సెల్యూట్ ప్రదర్శనలు 2011 నుంచి జరుగుతున్నాయి. 2017 ఫిబ్రవరిలో కార్టియే కాన్‌కూర్ అనే పాత కార్ల ప్రదర్శన హైదరాబాద్‌కు వచ్చింది, ఫలక్‌నుమా ప్యాలెస్ ఆవరణలో దేశం నలుమూలల కార్లు బారులు తీరాయి. రేసుల వైపు చూస్తే మద్రాసు దగ్గరి షోలవరం పేరే ముందు వినిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఎయిర్‌స్ట్రిప్ అది. అక్కడ ఫియట్ 1100లను విప్పి, తేలిక చేసి, పరుగు పెంచి నడిపారు. ఎంట్రీ స్టిక్కరు, డ్యాష్‌బోర్డు మీద స్క్రూలతో బిగించిన ర్యాలీ పలక, అట్ట నలిగిన ప్రోగ్రాం పుస్తకం, పేపర్లో వచ్చిన ఫొటో, ప్రతిదీ సాక్ష్యమే. పలక తీసేసినా డ్యాష్‌బోర్డు చెక్కకు పడ్డ స్క్రూ రంధ్రాలు మిగులుతాయి. వాటి కొలత చూసి అక్కడ ఏ ర్యాలీ పలక ఉండేదో పోల్చేవాళ్లున్నారు.

ఇష్టానికి తగ్గట్టు కారు చేయించుకోవడం హైదరాబాద్‌కు కొత్త కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఆర్డరు చేసినది. 1911లో ఆయన కన్నుమూశాక కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ కంపెనీ చాసిస్, ఇంజిన్ వరకే ఇచ్చేది. బాడీని లండన్‌లోని బార్కర్ కంపెనీ సింహాసనంలాంటి సీటుతో, గుమ్మటం పైకప్పుతో కట్టింది. అదే నగరంలో, జూపార్కుకు దగ్గరగా బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె. సుధాకర్ తుక్కు సామానుతో వంకాయ, బర్గర్, క్రికెట్ బంతి ఆకారాల్లో నడిచే కార్లు తయారుచేశారు. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిల్ ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఒకటి రాజు కోరిక మీద లండన్‌లో తయారైంది, రెండోది మన చేతుల మీద బహదూర్‌పురాలో రూపుదిద్దుకుంది. కార్ఖానా ఉస్తాదులు అంబాసిడర్ ఇంజిన్‌తో బతికించిన ఎంజీలను కూడా ఈ వరసలోనే గౌరవంగా చూడాలి.

మార్పే సాక్ష్యమైన వేళ

మార్పు చేస్తే విలువ పోతుందని చాలామంది నమ్మకం. స్టీవ్ మెక్‌క్వీన్ నటించిన 1968 నాటి ‘బుల్లిట్’ సినిమాలో పరుగు తీసిన ముదురాకుపచ్చ మస్టాంగ్ కథ వింటే ఆ నమ్మకం సడలుతుంది. 1974లో ఆ కారు ఒక మామూలు కుటుంబం చేతికి వచ్చింది. కెమెరా బిగించడానికి కింద వెల్డింగ్ చేసిన ముక్కలు, షూటింగ్ కోసం కొట్టిన రంధ్రాలు అలాగే ఉండనిచ్చారు, రీపెయింటు చేయించలేదు. 2018 జనవరిలో డెట్రాయిట్ షోలో అది లోకం ముందుకు వచ్చింది. చాసిస్ నంబరుతో పాటు ఆ వెల్డింగ్ గుర్తులే అది అసలు కారేనని నిరూపించాయి. 2020 జనవరిలో వేలంలో 34 లక్షల డాలర్ల పాట పలికింది. ఆ రంధ్రాలను ఎవరైనా ముచ్చటపడి పూడ్చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

రూలు ఒకటి, చార్టర్ ఒకటి

మన చట్టం సంగతి తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలను మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, చెప్పుకోదగ్గ మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అక్షరాలు. పాత నంబరున్న బండి ఆ నంబరే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ తిరుగుడుకు వీల్లేదు.

ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ ఇంకో మాట చెబుతుంది. పాత బండిని తప్పనిసరిగా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు రూపానికే తీసుకెళ్లనక్కర్లేదు. వాడుకలో ఉన్న రోజుల్లో జరిగిన మార్పులు కూడా దాని చరిత్రే. అయితే ఏ పని చేసినా రాసి పెట్టాలి, కొత్తగా వేసిన భాగానికి గుర్తు వేయాలి. ఈ రెండింటికీ మధ్య నిలబడాల్సింది ఓనరే. 1970లో బిగించిన అంబాసిడర్ ఇంజిన్‌ను తీసి పారేసి, విదేశం నుంచి అసలు ఇంజిన్ తెప్పించి, కారుకు ఏమీ కానట్టు చూపించడం నాకు సబబుగా అనిపించదు. ఇంజిన్ మార్చుకుంటే మార్చుకోండి, పాతదాన్ని స్టాండు మీద భద్రంగా పెట్టండి, ఎందుకు వచ్చిందో రాయండి.

ఇప్పుడే ఎందుకు

ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ రింగ్ రోడ్డు దాకా 18.1 కిలోమీటర్ల కారిడార్‌కు 2024 మార్చి 7న శంకుస్థాపన జరిగింది. అందులో 11 కిలోమీటర్లకు పైగా పైవంతెనే, కార్ఖానా మీదుగానే వెళ్తుంది. రోడ్డు వెడల్పయితే రోడ్డు పక్క బతుకులూ మారతాయి. మరోవైపు కొత్త కుర్రాళ్లు స్కానర్ పెట్టి కంప్యూటరులో తప్పు వెతకడం నేర్చుకుంటున్నారు, అది వాళ్లకు కూడు పెట్టే విద్య. కార్బ్యురేటర్ శబ్దం విని జెట్ మూసుకుపోయిందో, గాలి ఎక్కువైందో చెప్పగల చెవి ఉన్నవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. ఏ కారుకు ఏ సంవత్సరంలో ఏ ఇంజిన్ మార్చారో వాళ్లకు నోటికి వచ్చు, కాగితం మీద లేదు.

దాన్ని కాగితం మీదికి ఎక్కించడానికి పెద్ద సంస్థ అక్కర్లేదు. వంద పేజీల నోటు పుస్తకం చాలు. మొదటి పేజీలో చాసిస్ ప్రింట్ అతికించండి. తర్వాత ఓనర్ల వరస, పాత ఆర్‌సీ జిరాక్సు, పెయింటు పొరల ఫొటో, వెళ్లిన ర్యాలీల పేర్లు రాయండి. ప్రతి మార్పుకూ ఒక పేజీ కేటాయించండి: ఏం తీశారు, ఏం పెట్టారు, ఎందుకు, ఏ షెడ్డులో, ఎవరి చేతుల మీద. తెలిసినంతే రాయండి, తెలియనిచోట ఖాళీ వదలండి. తర్వాతి ఓనరు దాన్ని నింపుతాడు.

షోలో కారు ముందు పెట్టే బోర్డు మీద కంపెనీ పేరు, మోడల్ సంవత్సరం, ఓనరు పేరు ఉంటాయి. నాలుగో వరస కూడా ఉండాలి. కొలతలు సరిపోని ఇంజిన్‌కు బ్రాకెట్ కొట్టి, రేకు వంచి, బండిని మళ్లీ రోడ్డెక్కించిన మిస్త్రీ పేరు అక్కడ రాయాలి. కార్ఖానా షెడ్లలోంచి ముస్తాబై బయటికొచ్చే ప్రతి పాత బండీ ఆ పేరుతోనే షోకు వెళ్లాలి.