మీకు తెలుసా? అడవి అంచున పుస్తకాల ముచ్చట్లు!

పాపికొండల్లోని కొండరెడ్ల తెగ మీద లండన్‌లో ఓ పుస్తకం అచ్చయిందని మీకు తెలుసా? పేరు ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’. రాసింది వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్! నిన్నమొన్నటి ముచ్చట అనుకునేరు. అది వెలువడింది 1945లో!

తహసీల్దారు అనగానే మీకేం గుర్తొస్తుంది? పహాణీలు, సంతకాలు, క్యూలు! కానీ నేలకొండపల్లిలో పుట్టిన ఓ తహసీల్దారు ఏకంగా శతకమే రాశారు! ఆయనే కంచర్ల గోపన్న, మన భద్రాచల రామదాసు. ‘దాశరథీ శతకం’ వచ్చి 300 ఏళ్లు దాటింది. అయినా తాతలు మనవళ్లకు ఆ పద్యాలు ఇంకా నేర్పుతూనే ఉన్నారు!

మధిర అంటే రైల్వే స్టేషన్ ఒక్కటే అనుకుంటున్నారా? ఆగండి! నిజాం పాలనలో, తెలుగు చదువుకే దిక్కులేని రోజుల్లో, అక్కడ ఏకంగా గ్రంథాలయ మహాసభ జరిగింది! ఎప్పుడో ఊహించండి చూద్దాం. 1925లో!

మీరు పుస్తకం కోసం షాపుకెళ్తారు. వట్టికోట ఆళ్వారుస్వామి దగ్గర పద్ధతే వేరు! పుస్తకమే మీ గుమ్మంలోకి వచ్చేది! 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. తానే అచ్చు వేయించారు. మూట మోసుకుంటూ ఊరూరా తిరిగి తానే అమ్మారు. రచయిత, ప్రచురణకర్త, డెలివరీ బాయ్... అందరూ ఆయనే!

తుపాకీ పట్టిన చెయ్యి వేదాలు తిరగేస్తుందా? తిరగేసింది! దాశరథి రంగాచార్య నిజాం మీద సాయుధ పోరాటంలోకి దిగారు. ‘చిల్లర దేవుళ్లు’ నవల రాశారు. అక్కడితో ఆగారా? వేదాలను తెలుగులోకి తెచ్చేశారు. ఒకటీ రెండూ కాదు, మొత్తం 4!

లైబ్రరీకి మీరు వెళ్లనక్కర్లేదు, లైబ్రరీయే నీళ్ల మీద తేలుతూ వస్తే? నిజంగానే వచ్చింది! అడవి దాటి కృష్ణా కాలువ దాకా వెళ్లండి. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో పుస్తకాలు తిరిగాయి! ప్రయాణికులు కూర్చున్న చోటే చదువుకున్నారు. ఇది 1935 నాటి సంగతి!

మీరు చదివే కాగితం ఎక్కడిదో ఎప్పుడైనా అడిగారా? భద్రాచలం వంతెన దాటితే సారపాక. అక్కడుంది పెద్ద కాగితం మిల్లు! చుట్టుపక్కల రైతులు పొలాల్లో జామాయిల్ వేస్తారు. దాదాపు 4 ఏళ్లకే కోతకొస్తుంది! కర్ర లారీ ఎక్కుతుంది, మిల్లులో గుజ్జవుతుంది, తెల్లటి కాగితమై బయటికొస్తుంది. నిన్నటి చెట్టు, రేపటి నోటుబుక్కు!

అక్షరం ఒక్కటీ లేని పుస్తకాన్ని చూశారా? కోయల పడిగె చూడండి! మూడు మూలల గుడ్డ. దాని నిండా బొమ్మలు. డోలి వాద్యం మోగుతుంటే కళాకారుడు ఓ కోయ వంశం కథ పాడతాడు, ఊరంతా వింటుంది. మణుగూరు దగ్గరి కూనవరం కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క-సారలమ్మ కథలు కోయ భాషలో పాడేవారు. 2022లో పద్మశ్రీ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది!

చూశారా, ఒకరు మోశారు, ఒకరు పాడారు, ఒకరు పడవెక్కించారు! మరి మీరిప్పుడు చదువుతున్న పుస్తకం సంగతి పక్కవాళ్లకు చెప్పారా? ఇంకా లేదా? ఈరోజే చెప్పేయండి!