తమ్ముడి ఫోన్‌కి జల్లెడ పట్టా!

మా తమ్ముడు మామూలుగా కాల్ చెయ్యడు. 'అన్నా, 500 కొట్టు' అని వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడంతే. అలాంటోడు ఐపీఎల్ మధ్యలో ఓ ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

'అన్నా, హాస్టల్ ఫీజు కట్టలేదు.'

'నాన్న వారం కిందటే పంపాడు కదరా?'

అవతల చప్పుడు లేదు.

38 వేలు. పల్నాడులో మా నాన్న మిర్చి అమ్మి పంపిన డబ్బు. నాలుగు రోజుల్లో ఓ బెట్టింగ్ యాప్‌లో ఊడ్చిపెట్టుకుపోయింది. ముందు తిట్టా. తర్వాత అడిగా, 'అసలు ఆ యాప్ నీకెక్కడ దొరికింది?' అని.

'నేను వెతకలేదన్నా. స్కోర్ చూసే సైట్‌లో ఓవర్‌కోసారి స్క్రీన్ మీదకొస్తుంది. 300 బోనస్ అని ఉంటే ఊరికే నొక్కా. మొదటిరోజు 900 వచ్చాయి.'

మిగతాది చెప్పక్కర్లేదు.

రెండు ఇంటర్నెట్‌లు

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వాడు చెప్పిన సైట్‌ని నా ల్యాప్‌టాప్‌లో తెరిచా. స్కోర్ ఉంది, కామెంటరీ ఉంది. యాడ్ ఒక్కటీ లేదు! వీడు అబద్ధం చెబుతున్నాడేమో అనుకున్నా. అప్పుడు బ్రౌజర్ పైన మూలలో ఎర్రటి చిన్న డాలు గుర్తు మీద అంకె కనిపించింది: 61. అంటే ఆ ఒక్క పేజీలోనే 61 అనవసరపు రిక్వెస్ట్‌లను నా ఎక్స్‌టెన్షన్ ఆపేసింది.

దాన్ని ఆఫ్ చేసి మళ్లీ లోడ్ చేశా. పైన బెట్టింగ్ బ్యానర్, కింద బెట్టింగ్ స్ట్రిప్, మధ్యలో ఎగిరొచ్చే బాక్స్. క్లోజ్ చేద్దామంటే ఆ 'ఎక్స్' గుర్తు ఆవగింజంత.

బీటెక్ మూడో ఏడాది నుంచీ నేను జల్లెడ పట్టిన ఇంటర్నెట్ చూస్తున్నా. మా తమ్ముడు చూస్తున్నది వేరే ఇంటర్నెట్. ఇన్నేళ్లలో వాడి ఫోన్‌కి కూడా అది పెడదామన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ రాత్రి వాణ్ని తిట్టడం అక్కడితో ఆపేశా.

ఇంతకీ ఏం చేస్తుందిది?

నేను వాడేది యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే డెవలపర్ 2014లో మొదలుపెట్టాడు. ఉచితం. కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఆయన విరాళాలు కూడా తీసుకోడు.

మీరో పేజీ తెరిస్తే బ్రౌజర్ ఆ సైట్‌తో మాత్రమే మాట్లాడదు. యాడ్ సర్వర్లు, మీరేం చూస్తున్నారో రాసుకునే ట్రాకర్లు... ఇలా చాలామందికి కబురు పెడుతుంది. ఎక్స్‌టెన్షన్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. రానివ్వకూడని వాళ్ల జాబితా చేతిలో ఉంటుంది. అందులో పేరుంటే ఆ రిక్వెస్ట్ బయటికే వెళ్లదు. డేటా మిగులుతుంది, పేజీ త్వరగా తెరుచుకుంటుంది. ఇలాంటి జాబితాల్లో బాగా పేరున్నది ఈజీలిస్ట్. 2005 నుంచి వాలంటీర్లే దాన్ని అప్‌డేట్ చేస్తూ వస్తున్నారు.

ఫోన్‌లో ఎలాగంటే...

ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పనిచెయ్యవు. అందుకే తమ్ముడితో ఫైర్‌ఫాక్స్ వేయించా. మెనూలో ఎక్స్‌టెన్షన్స్‌లోకి వెళ్లి యూబ్లాక్ ఆరిజిన్ ఎంచుకుంటే రెండు నిమిషాల పని. ఐఫోన్ వాళ్లకు సఫారీలో పనిచేసే 'లైట్' వెర్షన్ ఉంది. కంప్యూటర్‌లో క్రోమ్ వాడేవాళ్లకూ ఇప్పుడు లైటే దిక్కు. ఎక్స్‌టెన్షన్ల రూల్స్‌ని గూగుల్ మార్చేయడంతో 2025 నాటికి పాత వెర్షన్‌కి అక్కడ చోటు పోయింది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం పూర్తి వెర్షన్ నడుస్తోంది.

పెట్టాక వాడి స్కోర్ సైట్‌లో బ్యానర్లన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. 'నేటి మ్యాచ్ టిప్స్' అనే స్ట్రిప్. అది బయటి యాడ్ కాదు, సైట్ వాళ్లే పెట్టుకున్నది. దానికీ మందుంది. ఎలిమెంట్ పికర్ అని ఓ ఆప్షన్ ఉంటుంది. అది నొక్కి, మనకొద్దనుకున్న దాన్ని ముట్టుకుని 'క్రియేట్' కొడితే ఇక ఆ సైట్‌లో అది కనిపించదు. ఇంకో అడుగు ముందుకేసి 'బోనస్' అనే మాటున్న బాక్స్ ఏదైనా దాచెయ్యమని ఓ లైన్ ఫిల్టర్ రాసిచ్చా. యూట్యూబ్‌ని బ్రౌజర్‌లో చూస్తే షార్ట్స్ వరుసను కూడా ఇలాగే మాయం చెయ్యొచ్చు. పరీక్షలకి ప్రిపేర్ అయ్యేవాళ్లు ట్రై చెయ్యండి.

కాస్త చూసుకోండి

ఎక్స్‌టెన్షన్ అంటే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. మీరు చూసే ప్రతి పేజీనీ అది చదవగలదు. 2020లో నానో యాడ్‌బ్లాకర్‌ని దాని డెవలపర్ వేరేవాళ్లకి అమ్మేశాడు. కొన్నవాళ్లు అందులో యూజర్ల సమాచారం లాగే కోడ్ కలిపారు. గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసేలోపే చాలామంది ఇరుక్కున్నారు. కాబట్టి పేరు, డెవలపర్ ఎవరో చూశాకే ఇన్‌స్టాల్ చెయ్యండి. ఒకే పేరుతో నకిలీలు ఉంటాయి. ఒకటి చాలు, మూడు పెట్టుకోవద్దు.

ఇంకో మాట. చాలా సైట్లకి యాడ్సే తిండి. మీకు నచ్చిన, మర్యాదగా యాడ్స్ వేసే సైట్ ఉంటే ఎక్స్‌టెన్షన్‌లో పెద్ద పవర్ బటన్ నొక్కండి. ఆ సైట్ వరకు అడ్డు తొలుగుతుంది. నేనూ కొన్నింటికి అలాగే వదిలేశా.

జల్లెడ ఆపలేనివి

ఇది బ్రౌజర్‌లో మాత్రమే పనిచేస్తుంది. ఇన్‌స్టా యాప్‌లో రీల్స్, టెలిగ్రామ్‌లో 'పక్కా టిప్స్' గ్రూపులు దీని చేతిలో లేవు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకుంటే కొన్ని యాప్‌ల యాడ్స్ తగ్గుతాయి గానీ, అన్నీ కాదు. టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి తమ్ముడు తనే బయటికి రావాలి. వచ్చాడు. ఒకేరోజు కాదు, రెండు వారాలు పట్టింది.

ఆన్‌లైన్ బెట్టింగ్‌ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌తో పాటు వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ఒక పేరు ఆపితే ఇంకో పేరుతో వస్తాయి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. మేం మాత్రం పది రోజులు ఆలస్యంగా చేశాం. డబ్బు తిరిగి రాలేదు.

ఫీజు నేను కట్టా. ఒక్కటే కండిషన్: నాన్నకి వాడే చెప్పాలి. చెప్పాడు. నాన్న తిట్టలేదట. 'అన్నం తిన్నావా?' అని ఫోన్ పెట్టేశాడట. అదే వాడికి గట్టిగా తగిలింది.

మొన్నో మ్యాచ్ రాత్రి తమ్ముడి దగ్గర్నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. తెల్లటి పేజీ, మధ్యలో స్కోర్. కింద మెసేజ్: 'రూమ్‌లో ఇంకో నలుగురికి పెట్టానన్నా. ఇప్పుడు స్కోర్ ఒక్కటే కనిపిస్తోంది. కానీ మనోళ్లు ఓడిపోతున్నారు. దానికేదైనా ఫిల్టర్ ఉందా?'

లేదురా. అది మాత్రం చూడాల్సిందే.